ఫల్గుణ ఎడమకాలి విషయమై

కంచెరపుట్టు,
ఏప్రిల్ 8

ఘాట్ రోడ్డు ఫుట్‌బాల్ సంఘం గౌరవ కార్యదర్శి, శృంగవరపుకోట వాస్తవ్యులు, మా అక్క అప్పలనరసమ్మ ఇరవై ఆరేళ్లుగా భరిస్తున్న మహానుభావులు శ్రీ వీరభద్రరావు బావగారికి, కంచెరపుట్టు జట్టు కార్యదర్శి, కిరాణా దుకాణం పైడయ్య దండం పెట్టి రాయునది.

ఇందుమూలముగా కొండమీదా కొండకిందా ఉన్న యావన్మందికీ తెలియజేయడమేమనగా, నిన్న సాయంత్రం మా దుకాణం అరుగుమీద మా ఊరి జట్టు అభిమానులు పదకొండుగురూ, ఒక మేకా సమావేశమై తీర్మానించినది: మా లెఫ్ట్ వింగర్ కొర్రా ఫల్గుణ గోల్ కొట్టని సంగతి టీ తాగేటప్పుడు ఎవరూ ఎత్తరాదు. ఎత్తినవారు అందరి గ్లాసులూ కడగవలెను. ఫల్గుణ ఎడమకాలి బూటుమీద నింద వేయరాదు, ఏలయనగా అది నా దుకాణంలో కొన్నది. ‘ఫామ్ పోయింది’ అన్న మాట ఊరి పొలిమేర దాటే వరకూ పలకరాదు. తీర్మానం ఏకగ్రీవం. మేక మాత్రం మధ్యలో లేచి వెళ్లిపోయింది.

ఇక అసలు సంగతి. ఫోన్లో అయిపోయేదానికి ఉత్తరాలేటి అని మా ఆవిడ నాగలక్ష్మి నవ్వుతాది. దానికేటి తెలుసు? మీకు కంట్లో శుక్లం తీశారు, డాక్టరు ఫోను ముట్టుకోవద్దన్నాడు. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. పైగా సంఘం సంగతి ఏదైనా రాతపూర్వకంగా ఉండాలని మీ రూలు. అందుకే అరకు బస్సు కండక్టరు చేతికి ఇస్తన్నాను. అక్క చదివి వినిపిస్తాది.

మే నాలుగున ఘాట్ రోడ్డు కప్పు ఫైనలు, మా కంచెరపుట్టుకీ మీ కోట జట్టుకీ. అదయ్యాక మీరు పదిహేనుమంది పేర్లు రాసి ఉమ్మడి జట్టుని విశాఖపట్నం పోటీలకి పంపుతారు. మా ఊరి నుంచి ఆ జాబితాలోకి ఇంతవరకు ఒక్కడూ ఎక్కలేదు. ఎక్కితే ఫల్గుణే ఎక్కాలి. నిరుడు మా ఊరి గ్రౌండులో పద్నాలుగు గోల్స్ కొట్టిన గుంటడు. ఈ ఏడు కిందికి దిగి ఆడిన తొమ్మిది మ్యాచుల్లో ఒక్కటీ లేదు, నిజమే. మిగతావాళ్లు ఎలాగో ఈడ్చుకొచ్చారు.

తొమ్మిదోది ఆడి వచ్చిన రోజు ఇక్కడ ఇటుకల పండగ. ఆ పండక్కి వేటకెళ్లిన మగోళ్లు ఒట్టి చేతుల్తో వస్తే ఆడోళ్లు పేడనీళ్లు కొడతారు, అది ఈ కొండల ఆచారం. ఫల్గుణ జీపు దిగాడో లేదో, ఆడి మేనత్త రత్నాలు బక్కెట్టుతో ఎదురొచ్చింది.

“ఏటి తెచ్చినావు అల్లుడా?”

“ఏటీ నేదత్తా.”

బక్కెట్టు బక్కెట్టంతా నెత్తిన పోసేసింది. కదల్లేదు గుంటడు. మొహం తుడుసుకుని, “ఇంకా ఫైనలుందత్తా, దానిక్కూడా పోసీ” అన్నాడు.

అలాటోడి పేరు మీరు కొట్టేస్తారని కోటలో అనుకుంటన్నారట. కొట్టకండి. ఆడు లేచి నిలబడతాడు.

ఇట్లు,
మీ బావమరిది
పైడయ్య

తా.క.: అక్కా, పనసకాయ పంపుతున్నాను. ఇది లంచం కాదని బావకి గట్టిగా చదివి వినిపించు. లంచమే అని నువ్వు మనసులో అనుకో.


శృంగవరపుకోట,
ఏప్రిల్ 11

నం. 14 / ఘా.రో.ఫు.సం.

చిరంజీవి పైడయ్యకు ఆశీర్వదించి వ్రాయించునది.

నీ ఉత్తరం విన్నాను. సంఘం తరఫున నా సమాధానం ఇది. వింగర్ అనగా రెక్క. రెక్క ఉన్నది ఎగురుటకు, ఎగురుట దిగుటకు, దిగుట గోల్‌లో. మన ఘాట్ రోడ్డు బస్సు అన్ని మలుపులూ అందంగా తిరిగి, అరకు చేరకుండా అనంతగిరిలోనే ఆగిపోతే ఆ డ్రైవర్‌కు దండ వేస్తామా? తొమ్మిది మ్యాచులు, సున్న గోల్స్. (తమ్ముడూ, నేను అక్కని. సున్న దగ్గర మీ బావ బల్ల గుద్దాడు, సిరా ఒలికింది. మరకకి కారణం అదీ.)

అయినను బంధుత్వాన్ని, పనసకాయను లెక్కలోకి తీసుకోకుండా ఒక అవకాశం ఇస్తున్నాను. ఫైనల్లో ఫల్గుణ ఒక్క గోల్ కొట్టవలెను. కొట్టినచో పేరు ఉండును. కొట్టనిచో పేరు తీసివేయబడును. వింగర్ విలువ గోల్. ఇది నా సిద్ధాంతం. నలభై ఏళ్లుగా దీనిని ఎవరూ ఓడించలేదు.

ఆశీస్సులతో,
వీరభద్రరావు,
గౌరవ కార్యదర్శి

తా.క.: ఒరే పైడీ, నా సొంతంగా రాస్తన్నాను. మా సందీప్ కోట జట్టులో రైట్ బ్యాక్ కదా, ఫల్గుణకి ఎదురు నిలబడేది ఆడే. ఆడేటన్నాడంటే, “అమ్మా, నేనేటీ సెయ్యక్కర్లేదు. ఆడు తన్నిన బంతి దారిలో అలిసిపోయి నా కాళ్లకాడ కూకుంటాది” అని. పనసకాయ బాగుంది. మీ బావ ఎనిమిది తొనలు తిని తొమ్మిదోది లంచమన్నాడు.


కంచెరపుట్టు,
ఏప్రిల్ 15

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ సిద్ధాంతం నాకొద్దు. వింగర్ డ్రైవరు కాదు, కండక్టరు. జనాన్ని ఎక్కించి, సీట్లో కూచోబెట్టి, రైట్ రైట్ అనడం ఆడి పని. అరకు చేర్చేవాడు వేరే ఉంటాడు. గోల్‌కి బంతి అందించాడా లేదా, అదీ లెక్క.

అయితే అక్క తా.క. మాత్రం బంగారం. బంతి దారిలో అలిసిపోవడమేటి? మొన్న పొద్దున్నే ఫల్గుణని దుకాణానికి పిలిచి అడిగాను.

“సావుకారూ, నా కాలి నుంచి ఎల్లినప్పుడు బాగానే ఉంటాది. ఆనక అదే ఎల్లడం మానేత్తాది,” అన్నాడు.

ఇద్దరం మా ఊరి గ్రౌండుకి వెళ్లాం. తడి బంతిని ఎగువ గీత మీద పెట్టి, చెయ్యి ఒగ్గేశాను. ఎవరూ తన్నలేదు, గాలి లేదు. బంతి దానంతట అది దొర్లుకుంటూ గోల్ ముందుకెళ్లి, అక్కడ కాస్త ఆలోచించి, దిగువకి పోయి గెడ్డ నీళ్లలో పడింది.

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు బావగారూ! మా గ్రౌండు కొండవాలు మీద ఉంది. ఫల్గుణ పేరుకి లెఫ్ట్ వింగర్, నిజానికి ఎగువ వింగర్. సగం ఆటయ్యాక అందరూ వైపు మారతారు, ఆడు మాత్రం ఎగువనే ఉంటాడు. రిఫరీ మా ఊరోడే, అడగడు. ఆడు తట్టితే చాలు, మిగతా పదడుగులూ కొండే మోసేది. కింద మీ గ్రౌండు పలకలా చదును. అక్కడ మోసే కొండ లేదు. బంతి పదడుగులు పొట్టిగా పడతాది.

ఇది విని ఫల్గుణ గెడ్డలోంచి బంతి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. “అయితే ఆ పద్నాలుగు గోల్సూ కొండ కొట్టినవేనా సావుకారూ?” అన్నాడు. ఆ మాటకి నా నోట్లో చుట్ట ఆరిపోయింది.

“ఇప్పుడు నువ్వు కొట్టు,” అన్నాను.

మందు దొరికింది. రత్నాలు దగ్గరుంది. మిరియాలు. ఇంతకంటే రాయను. ఎందుకంటే ఈ ఉత్తరం చదివేది అక్క, అక్క పక్కన కూచునేది సందీపు.

ఇట్లు,
పైడయ్య

తా.క.: మిరియాల్లో దిగి మూడు రోజులే. గుంటడి ఎడమకాలికి ఒచ్చిన పదును చూస్తే మీ సందీప్ రైట్ బ్యాక్ మానేసి పోస్టుమాన్ పరీక్ష రాస్తాడు.


శృంగవరపుకోట,
ఏప్రిల్ 18

నం. 17 / ఘా.రో.ఫు.సం. / అత్యవసరం

పైడయ్యకు,

ఆశీస్సులు ఈసారి వాయిదా వేయడమైనది.

నీ ఉత్తరంలోని ‘మిరియాలు’ అను అంశం సంఘం దృష్టికి వచ్చినది. ఆటగాడి కాలికి మూడు రోజుల్లో పదును రావడం ప్రకృతి విరుద్ధం. కింది ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు కావలెను. ఆ మిరియాలు లోపలికి పుచ్చుకొనునా, బయట పూయునా? ఎన్ని? ఏ కాలికి ఎన్ని? రత్నాలు అను ఆవిడకు వైద్యంలో ప్రవేశం ఉన్నదా? ఇది ఆటలో నిషేధించిన మందుల కిందికి వచ్చునా రాదా అని నేను విచారిస్తున్నాను.

(తమ్ముడూ, విచారించడమంటే మంచం మీద పడుకుని పైకప్పు చూస్తన్నాడు. ఒక కంటికి పచ్చ అద్దం ఉంది, రెండో కన్ను మూసుకున్నాడు.)

వీరభద్రరావు,
గౌరవ కార్యదర్శి

తా.క.: సందీప్, ఆడి స్నేహితులు ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఏ కాలికి ఎన్ని అన్నది బేగి రాయమంటన్నారు. ఎందుకో మరి. అక్క.


కంచెరపుట్టు,
ఏప్రిల్ 20

శ్రీ గౌరవ కార్యదర్శి వారికి,

తమరు అడిగారు కాబట్టి దాచలేను. ఎడమకాలికి ఇరవై ఒకటి. కుడికాలికి ఏడు, ఎందుకంటే అది సాయం చేసే కాలు, దానికంత అక్కర్లేదు. కొత్త మిరియాలై ఉండాలి. మెత్తగా నూరి, ఆముదంలో కలిపి, పొద్దు కొండెక్కకముందే పిక్కలకి పట్టించాలి. మంట పుడతాది. మంట పుట్టినప్పుడు ‘అమ్మా’ అనకూడదు, అంటే ఫలం పోతాది. తూర్పుకి తిరిగి మూడు గంతులెయ్యాలి.

రత్నాలుకి వైద్యంలో ప్రవేశం గురించి అడిగారు. ఆవిడ ప్రవేశించని రంగం లేదు. ఊరి మీటింగులో ఆవిడ లేచిందంటే సర్పంచి కూచుంటాడు.

ఇది నిషేధమో కాదో తమరే తేల్చండి. మిరియం నిషేధమైతే మన ఇళ్లల్లో చారు కూడా ఆపాల్సి ఉంటాది.

ఇట్లు,
పైడయ్య

తా.క.: కోట మిరియాలు పనికిరావు. కొండవే కావాలి. కావాలంటే మా దుకాణంలో ఉన్నాయి.


శృంగవరపుకోట,
ఏప్రిల్ 24

ఒరే పైడీ,

ఇది అక్క రాస్తున్నది. మీ బావ చెప్పింది తర్వాత రాస్తాను, ముందు నేను చెప్పేది విను.

కోట జట్టు మొత్తం, గోలీతో సహా, నువ్వు రాసిన మందు పట్టించుకుంది. పదకొండుమంది గుంటలు మున్సిపల్ స్కూలు వెనక తూర్పుకి తిరిగి గంతులేశారు. మూడు కాదు, ముప్పై. ఆగలేకపోయారు. ఎవడూ ‘అమ్మా’ అనలేదట, అందరూ ‘నాన్నా’ అన్నారట. మా సందీప్ రెండు కాళ్లూ మజ్జిగ బాల్చీలో పెట్టుకుని కూకున్నాడు. ఆ బాల్చీ ఇక నేనేటి సెయ్యాలి? నీకు నవ్వుగా ఉంటాది. నాకూ కొంచెం ఉంది. ఆడి ముందు నవ్వలేక వంటింట్లోకెళ్లి నవ్వొచ్చాను.

కానీ మీ బావ నవ్వలేదు. కింద రాసింది ఆయన మాట, అక్షరం మార్చలేదు:

‘నం. 19. కంచెరపుట్టు లెఫ్ట్ వింగర్ కొర్రా ఫల్గుణ మిరియాల మందు వాడినట్లు ఆ జట్టు కార్యదర్శి పైడయ్యే స్వయంగా రాతపూర్వకంగా ఒప్పుకున్నందున, విచారణ ముగియువరకు అతన్ని ఫైనల్ నుంచి తప్పించడమైనది. ఉమ్మడి జట్టు పరిశీలన నుంచి కూడా.’

చూశావా ఏటయిందో? నువ్వు కోట గుంటల కాళ్లు కాల్చావనుకున్నావు. కాలింది ఆ కొండ గుంటడి పేరు.

అక్క


కంచెరపుట్టు,
ఏప్రిల్ 25

బావగారికి పైడయ్య తల వంచి రాయునది.

ఈసారి వేళాకోళం లేదు. చదివేటప్పుడు అక్కని నెమ్మదిగా చదవమనండి.

మీ నోటీసు ఫల్గుణకి నేనే చదివి వినిపించాను. చదవకపోతే రాత్రి అన్నం దిగదు. ఆడు అరుగు మీద నించుని విన్నాడు. అరిచాడా? లేదు. “నా పేరు తీసేత్తే తీసేమను సావుకారూ. తొమ్మిది మ్యాచులు నేనే ఆడినాను, తప్పు నాదే. గానీ మందు రాసుకున్నోడని మాత్రం అనొద్దను. మా ఊరోళ్లు నా నెత్తిన పేడనీళ్లు పోసినారు, అది కడిగేత్తే పోయింది. ఇది పోదు,” అన్నాడు. అని, బూట్లు తీసి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇరవై రెండేళ్ల కింద ఉప్పు బస్తాతో ఈ కొండెక్కాను. నాకు నోటి దురద ఉందని ఇక్కడ అందరికీ తెలుసు, సర్దుకుపోతారు. కానీ నా నోటికి ఇంకొకడు దెబ్బ తినడం ఇదే మొదలు.

నిజం ఇది. మా ఊళ్లో చదునుగా ఉన్న జాగా ఒక్కటే, రత్నాలు సిమెంటు కళ్లం. ఇప్పుడు దానిమీద మిరియాలు ఎండుతున్నాయి, వరసగా కుప్పలు కుప్పలుగా. కుప్పకీ కుప్పకీ మధ్య మూరెడు సందు. ఫల్గుణ రోజూ పొద్దున్నే ఆ కొస నుంచి ఈ కొసకి బంతి తన్నాలి. అది సందుల్లోంచే పోవాలి. ఒక్క గింజకి బంతి తగిలినా రత్నాలు చీపురిచ్చి కళ్లం మొత్తం ఊడిపిస్తాది. మొదటి రోజు పదిహేడుసార్లు ఊడ్చాడు. నాలుగో రోజు ఆరుసార్లు. నిన్న ఒక్కసారి, అదీ కోడి అడ్డొచ్చి. అదే మందు. ఆడి కాలికి మిరియం అంటలేదు. అంటితే ఊడవాలి కదా.

మిగతాదంతా, ఇరవై ఒకటీ ఏడూ, ఆముదమూ గంతులూ, నా తలలో పుట్టింది.

రత్నాలు కూడా వాంగ్మూలం ఇస్తానంది. ఆవిడ చెప్పినట్టే రాస్తన్నాను: “మిరియపు తీగ ఎక్కి, గెలలు కోసి, ఎండబెట్టి, నలిపి, చెరిగి, సంతకి మోసేది మేము. అమ్ముకుంటాం గానీ కాళ్లకి రాసుకోం. రాసుకునేంత ఎర్రోళ్లు కొండమీద నేరు. కింద ఉన్నారని ఈమధ్యే ఇన్నాను.” కింద వేలిముద్ర ఉంది చూడండి. ఆవిడకి సంతకం వచ్చు. కానీ కోర్టు కాగితాల్లో వేలిముద్రకే బలమెక్కువని ఆవిడ నమ్మకం.

శిక్ష వేస్తే నాకు వెయ్యండి.

పైడయ్య

తా.క.: లేదు. ఈ ఉత్తరానికి తా.క. లేదు.


శృంగవరపుకోట,
ఏప్రిల్ 28

నం. 20 / ఘా.రో.ఫు.సం.

పైడయ్యకు,

విచారణ ముగిసినది. ఫల్గుణ నిర్దోషి. నోటీసు నం. 19 రద్దు. అతనికి నా తరఫున క్షమాపణ చెప్పవలెను. ఇది కార్యదర్శిగా కాదు, వీరభద్రరావుగా.

అయినను అనుమానం మిగలకుండా, ఫైనల్‌కు ముందు రెండు జట్ల ఆటగాళ్లూ సబ్బుతో కాళ్లు కడుగుకొని వరసగా నిలబడవలెను. రిఫరీ వాసన చూచును.

గోల్ షరతు మాత్రం మారదు. నా కన్ను దుమ్ములోకి రాకూడదు కనుక నేను రాలేను. రిఫరీ చీటీలో స్కోరు తప్ప ఏమీ ఉండదు. కావున గోల్ ఎవరు కొట్టిరో కంచెరపుట్టు కార్యదర్శిగా నీవే రాతపూర్వకంగా పంపవలెను. నీకు శిక్ష ఇదే: ఉన్నది ఉన్నట్టు వ్రాయుట.

వీరభద్రరావు

తా.క.: రిఫరీ వాసన చూసే పనికి ఒప్పుకోలేదట. రెండు పనసకాయలు పంపు. అక్క.


కంచెరపుట్టు,
మే 5

గౌరవ కార్యదర్శి, బావగారు శ్రీ వీరభద్రరావు గారికి కంచెరపుట్టు జట్టు కార్యదర్శి పైడయ్య సమర్పించు ఫైనల్ నివేదిక.

గెలిచాం! ఒకటి–సున్న.

మండలం హైస్కూలు గ్రౌండు, పలకలా చదును. కాళ్ల వాసన కార్యక్రమం మూడు గంటలకి మొదలై ముప్పావు గంట పట్టింది. రిఫరీ మీ గోలీ దగ్గర కొంచెంసేపు ఎక్కువ ఆగాడు. అది మిరియం కాదు, సహజం.

మా ఊరు ఊరంతా జీపుల్లో, ఆటోల్లో, నడిచీ దిగింది. రత్నాలు ముందు వరసలో కూచుంది, పక్కన బక్కెట్టు పెట్టుకుని. లోపలేముందో ఎవరూ అడగలేదు. ఫల్గుణ ఒకసారి బక్కెట్టు వైపు చూశాడు, తర్వాత చూళ్లేదు.

మొదటి సగంలో ఆడు బంతి ముట్టిందే తక్కువ. మీ సందీప్ జిగురులా అంటుకున్నాడు. పిక్కలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి పాపం, అయినా ఒగ్గలేదు. రెండో సగంలో ఫల్గుణ మొదటి బంతి వేశాడు. గ్రౌండంతా ఊపిరి బిగబట్టాం, పదడుగులు పొట్టిగా పడతాదని. పడలేదు! సరిగ్గా మా సెంటర్ ఫార్వర్డ్ కొండబాబు కాలి ముందు పడింది. కొండబాబు ఆకాశంలోకి తన్నాడు, అది వేరే సంగతి. రెండోది కూడా అలాగే. మూడోది గోల్ కొయ్యకి తగిలింది. మా వాళ్లకి అర్థమైంది, గుంటడు తిరిగొచ్చాడని. “కొండ లేకుండానే!” అని ఎవరో అరిచారు. ముసలోళ్లు లేచి నించున్నారు.

ఎనభై ఒకటో నిమిషం. ఫల్గుణ ఎడమ గీత పట్టుకుని బయల్దేరాడు. ఒకణ్ణి దాటాడు, ఇద్దర్ని దాటాడు. ముందు మీవాళ్లు ఆరుగురు, ఆరు మిరియాల కుప్పల్లా. ఆడు తలెత్తి ఒక్కసారి సందు చూశాడు. ఎడమకాలితో కొట్టాడు. బంతి ఆ ఆరుగురి మధ్యలోంచి, ఒక్కరికీ తగలకుండా, వంకర తిరిగి వెళ్లింది. గోలీ ఇటు దూకాడు, బంతి అటు వెళ్లింది. గోల్!

గోల్ కొట్టినది: కొర్రా ఫల్గుణ, 81వ నిమిషం. ఇది రాతపూర్వకం.

సందీప్ గురించి ఒక్క మాట రాయకపోతే నా నోరు పడిపోతాది. ఆఖరి క్షణం దాకా ఆ బంతిని ఒగ్గకుండా వెంటపడినోడు ఆడొక్కడే. ఆ గోల్‌కి అందరికంటే దగ్గరగా ఉన్నోడు మన సందీపే.

ఇట్లు,
పైడయ్య

తా.క.: బక్కెట్టులో నిమ్మకాయ నీళ్లు. రత్నాలు ముందు ఆటగాళ్లకి, తర్వాత మీ కోట గుంటలకి కూడా పోసింది. మీవాళ్లు తాగేముందు వాసన చూశారు.


శృంగవరపుకోట,
మే 8

నం. 23 / ఘా.రో.ఫు.సం.

చిరంజీవి పైడయ్యకు ఆశీస్సులు. పాతవి, కొత్తవి కలిపి.

నీ నివేదిక మూడుసార్లు చదివించుకొన్నాను. ‘ఆరు కుప్పలు’ దగ్గర మీ అక్కను ఆపి మరల చదివించాను. నాకు కంట్లో నీరు వచ్చినది, డాక్టరు వద్దన్నాడు గాని వచ్చినది.

జాబితా ఈ ఉదయం నా చేత్తో నేనే వ్రాసి, సంతకం చేసి, రిజిస్టర్ పోస్టు చేయించాను. లెఫ్ట్ వింగ్: కొర్రా ఫల్గుణ, కంచెరపుట్టు. మీ ఊరి నుంచి మొదటి పేరు. అట్లే రైట్ బ్యాక్: సందీప్. తండ్రిగా కాదు, నీ నివేదిక చివరి పేరా ఆధారంగా.

ఇక మన వాదన. ఫల్గుణ గోల్ కొట్టెను, జాబితాలోకి వచ్చెను. వింగర్ విలువ గోల్ అన్న నా సిద్ధాంతమే గెలిచినది. ‘నేను ఓడిపోయాను’ అని నీవు రాతపూర్వకంగా ఒక ముక్క పంపవలెను. పటం కట్టించి సంఘం ఆఫీసులో పెట్టెదను.

వీరభద్రరావు

తా.క.: రాసి పడేయరా, ఏటి పోతాది? రెండు రోజులుగా గోడమీద మేకు కొట్టించి కూకున్నాడు. అక్క.


కంచెరపుట్టు,
మే 10

పూజ్యులు బావగారికి నమస్కరించి పైడయ్య రాయునది.

ముందు శుభవార్త. ఫల్గుణ పేరు వచ్చిందని నిన్న సంతలో చెప్పాను. రత్నాలు నా దుకాణంలో ఉన్న బెల్లమంతా పట్టుకెళ్లి ఊరికి పంచింది. ఫల్గుణ మాత్రం పొద్దున్నే కళ్లం మీదున్నాడు. విశాఖపట్నంలో గ్రౌండు ఇంకా చదునుగా ఉంటాదట కదా అని అడిగాడు. ఈ కొండమీద ఇరవై రెండేళ్లలో నాకు ఇంత ఛాతీ ఎప్పుడూ పొంగలేదు. నేను ఈ ఊరోణ్ణి కాదని ఎవరైనా అంటే ఇకమీదట తన్నులు తింటారు.

ఇక ఓటమి ఒప్పుకుంటూ ముక్క రాయమన్నారు. రాయడానికి కూచున్నాను. కలం తీశాను. బావగారూ, చెయ్యి రాలేదు. అబద్ధం మింగగలను గానీ మీ సిద్ధాంతం మింగలేను. జాబితా పోస్టులో వెళ్లిపోయింది కాబట్టి ధైర్యం చేసి చెబుతున్నాను.

ఫల్గుణ పరుగు నిజం. ఆరుగురి మధ్య సందు నిజం. వంకర తిరిగిన ఆ బంతి నూటికి నూరుపాళ్లు నిజం, అంత అందమైన బంతి ఈ ఘాట్ రోడ్డు మీద ఎవడూ వెయ్యలేదు. కానీ ఆడు గోల్‌కి కొట్టలేదు, కొండబాబుకి అందించాడు. కొండబాబు అప్పటికే జారిపడి గడ్డి కరుస్తున్నాడు. బంతి ఇంకొకడి తలకి తగిలి లోపలికెళ్లింది. ఆ మాట నివేదికలో రాయొద్దా అని ఫల్గుణనే అడిగాను. “నేనేసిన బంతి లోపలికెల్లింది సావుకారూ. మద్దెలో ఎవుడి బుర్రకి తగిలిందో నాకేటి?” అన్నాడు. ఇది వింగర్ మాట. కండక్టరు మాట. గెలిచింది నా వాదన. ‘నేను ఓడిపోయాను’ అని మీరే ఒక ముక్క రాయండి, పటం నేను కట్టిస్తాను. మేకు ఎలాగూ కొట్టించారు.

ఇట్లు,
గెలిచిన బావమరిది
పైడయ్య

తా.క.: ఆ బుర్ర ఎవరిదని అడుగుతారు. మన సందీప్‌ది. బంతి వెంటపడి, గాల్లోకి లేచి, బయటికి కొట్టబోయి మీ గోల్‌లోకే కొట్టాడు. తర్వాత కోట జట్టు పదకొండుమందీ నా దగ్గరకొచ్చి, “మావయ్యా, నాన్నకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వడు” అని సందీప్ చేత అనిపించి దండం పెట్టించారు. ఇప్పుడు జాబితా మార్చాలంటే మార్చండి. కాకపోతే ‘గోల్ కొట్టినది నా కుమారుడు, నా జట్టు మీదే’ అని గౌరవ కార్యదర్శి హోదాలో, రాతపూర్వకంగా, విశాఖపట్నానికి రాయాల్సి ఉంటాది. ఆ నివేదికలో మిగతా ప్రతి అక్షరం మీద ఒట్టేస్తాను బావగారూ, గోల్ కొట్టినోడి పేరొక్కటే నేనల్లింది. సగం ఫల్గుణ కోసం, సగం మీ ఇంటి పరువు కోసం.